ఎవరిదా గొంతు

చింతపండును రాయి మీద పెట్టి ఇనప సుత్తెతో మెల్లగా ఒక దెబ్బ వేస్తే గింజ పక్కకి జారుతుంది. గట్టిగా వేస్తే గింజ చితికి పండులో కలిసిపోతుంది, అప్పుడు లెక్కలు రాసే కేశవన్ నోరు ఊరుకోదు. మాదమ్మ దెబ్బ గట్టిగానూ పడదు, తప్పీ పోదు. ఎడమచేత్తో ఈనె లాగడం, బొటనవేలితో పండు విప్పడం, ఒక దెబ్బ, గింజ ఇటు, పండు అటు. పొద్దున మండి తలుపులు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం దీపం పెట్టేదాకా ఇంతే. ఆ చేతులు తనవేనన్న సంగతి ఆమెకి రోజులో ఎన్నిసార్లు గుర్తొచ్చేదో చెప్పలేం.

పులుపు ఆ వేళ్ళని ఏనాడో తినేసింది. కొసల్లో తోలు పలచబడి, తెల్లగా ఉబ్బి, పగుళ్ళు తీసి ఉంటుంది. వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనదు. రేషను కార్డు కోసం తాలూకాఫీసులో వేలిముద్ర వేయమంటే కాగితం మీద నల్లటి మచ్చ ఒకటి పడిందే గానీ గీత ఒక్కటీ పడలేదు. మళ్ళీ వేయించారు. మళ్ళీ మచ్చే. "ఏందమ్మా, నీకు రేఖలే లేవే" అని గుమాస్తా అరవంలో నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అందులో నవ్వాల్సిందేముందో ఆమెకి తెలియదు, పెద్దమనిషి నవ్వాడు కదా అని నవ్వింది.

ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు పక్కన ఉంది ఆ చింతపండు మండి. రేకుల కప్పు, మట్టిగోడలు, లోపల కప్పుదాకా పేర్చిన గోనెమూటల దొంతరలు, వాటిని అట్టీలు అంటారు. ఆడవాళ్ళు రెండు వరసలుగా కూర్చుంటారు. మాదమ్మది ఆఖరి చోటు, మూటలు మోసేవాళ్ళు నడిచే దారి పక్కన. ఆ చోటు ఎవరికీ అక్కర్లేదు. దుమ్మంతా ముందు అక్కడే పడుతుంది, ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు. ఆమెకి కుడి మోకాలు వంగదు. కాబట్టి కాలు దారిలోకి చాపి కూర్చుంటుంది. మోసేవాళ్ళు ఆ కాలు దాటుకుంటూ పోతారు. మనిషిని దాటకూడదు, దాటితే ఎదగరు అని మనవాళ్ళు పిల్లల్ని కూడా దాటనివ్వరు. మాదమ్మ ఇంక ఎదగాల్సిందేముంది? అందరూ దాటేవారు.

కాళియన్ ఒక్కడే దాటేవాడు కాదు. వీపు మీద మూటతో, మెడనరాలు తేలి, చెమట ముక్కుచివర నుంచి కారుతున్నా సరే, వచ్చి నిలబడేవాడు. "కాలు తీయి మాదక్కా" అనేవాడు. ఆమె రెండు చేతులతో కాలు పట్టుకుని పక్కకి జరిపేది. వాడు పోయేవాడు. రోజుకి ఎన్నో సార్లు ఇదే మాట, ఇదే జరపడం. మండిలో ఆమెని పేరు పెట్టి పిలిచే మగమనిషి వాడొక్కడే.

ఇప్పుడా మాట లేదు. కాళియన్ పోయాడు, వాడి కర్మంతరం కూడా ఇంకా కాలేదు.

వాడు ఎలా పోయాడో పోలీసులు రాసుకున్నది ఒకటుంది. పట్టపగలు కల్లు తాగి, కడత్తూరు రోడ్డులో మోరీ గోడ మీద కూర్చుని, తూలి కింద పడ్డాడని. మండిలో జరిగింది వేరు. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళంతా బయట చూరు కింద అన్నాలు తింటున్నారు. మటాడర్ వ్యాను ఆగి ఉంది, దాన్ని త్వరగా నింపి పంపాలని మండి యజమాని, మొదలాళి దొరసామి తొందర. అట్టి ఎక్కి పైనుంచి మూటలు దించడానికి టైము పడుతుంది, పక్కనుంచి లాగరా అన్నాడు. కాళియన్ లాగాడు. అట్టి మొత్తం వాడి మీదికి వచ్చింది. మూటలు తీసేసరికి ప్రాణం లేదు. దొరసామి, డ్రైవరు, ఇంకొక మోసేవాడు కలిసి వాడిని గోనెల్లో చుట్టి వ్యానులోకి ఎక్కించారు.

లోపల వీళ్ళు తప్ప మరొకరు లేరనుకున్నారు. మోకాలి బాధతో బయటికి పోకుండా తన చోట్లోనే కూర్చుని సంగటి తింటున్న మాదమ్మ వాళ్ళ కంటికి ఆనలేదు. ఆమె దాక్కోలేదు. ఊపిరి బిగబట్టలేదు. వాళ్ళు శవాన్ని మోసుకుంటూ ఆమె కాలు దాటుకునే పోయారు.

ఇళ్ళల్లో తెలుగు, గడప దాటితే అరవం, ఇదీ మండి పనివాళ్ళ బతుకు. బడి అరవం, బస్సు అరవం, దేవుడికి దండం కూడా సగం అరవమే. పిల్లల్లో ఒక్కరికైనా తెలుగు అక్షరం రాదు. ఏడుపు మాత్రం తెలుగే. చావింట్లో ఆడవాళ్ళు ఒకరి మెడమీద ఒకరు చేతులేసుకుని, తలలు మధ్యలోకి వంచి, జుట్లు విరబోసుకుని గుండ్రంగా కూర్చుని ఒప్పారి పాడతారు. లోపలినుంచి ఒక గొంతు మాట ఎత్తుతుంది, మిగతావాళ్ళు వరస అందుకుంటారు. ఎత్తింది ఎవరో బయట నిలబడ్డవాళ్ళకి కనపడదు, కనపడకూడదు. చచ్చినవాడిని పొగుడుతుంది, తిడుతుంది, వాడికి బతికుండగా పిడికెడు మెతుకులు పెట్టనివాళ్ళని ఉతికి ఆరేస్తుంది. ఎంత మాటైనా అనొచ్చు. ఆ తర్వాత అందరూ స్నానాలు చేస్తారు. స్నానమయ్యాక ఫలానామె ఫలానా మాట అనిందని ఎవరూ అనరు. శావింటి మాట శావింటితోనే పోవల్ల అంటారు. ఇది వీళ్ళకి తాతల నాటి నుంచీ ఉన్న కట్టు.

వీళ్ళుండే వాడలో ఎవరు పోయినా ఒక గొంతు వస్తుందని అందరికీ తెలుసు. సన్నగా మొదలై, మధ్యలో బొంగురుపోయి, చివర తెగకుండా నిలబడే గొంతు. "పోయిన సారి ఆ గొంతు వచ్చింది కదా" అని మగవాళ్ళు కూడా అనుకుంటారు, ఏదో ఊరినుంచి చుట్టం వచ్చిపోయినట్టు. ఎవరిదని అడగరు.

కాళియన్ శవం ముందు దొరసామి రోజాపూల మాల పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు ఆ గొంతు లేచింది.

*కల్లు తాగి పడినావంట – నా తమ్ముడా*
*తలనిండా చింతపెంకు ఎట్ల వచ్చెను – నా తమ్ముడా*
*మూట కింద పోయినోణ్ణి – నా తమ్ముడా*
*మోరీ కింద పండబెట్టిరి – నా తమ్ముడా*
*మాల తెచ్చిన చెయ్యి ఏది – నా తమ్ముడా*
*మోసకపోయిన చెయ్యి ఏది – నా తమ్ముడా*

ఎవరి పేరూ చెప్పలేదు. పక్కన నిలబడ్డ అరవ పోలీసుకి ఒక్క ముక్కా అర్థం కాలేదు, వాడు గోళ్ళు చూసుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు దొరసామి తన చేతులే చూసుకున్నాడు. ఆయనదీ తెలుగిల్లే. మాల శవం కాళ్ళ మీద పడేసి, చెప్పులు మరిచిపోయి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి ఆయనకి ఒకటే ధ్యాస, ఆ గొంతు ఎవరిదని. ఊరు ఏమనుకుంటుందన్నది తర్వాత సంగతి. పోయినేడు వాళ్ళమ్మ చనిపోయినప్పుడు మండి ఆడవాళ్ళే వచ్చి ఒప్పారి పాడారు, అప్పుడు లేచింది ఇదే గొంతు. కన్నతల్లికి కంటతడి పెట్టనివాడని చుట్టాలు గుసగుసలాడుతుంటే ఆ గొంతు విని ఆయన గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మని పంపిన గొంతు తనని దొంగని చేసింది. అది ఆయనకి మింగుడుపడలేదు. కేశవన్‌ని పురమాయించాడు. కేశవన్ ఒక్కొక్కరినీ అడిగాడు, బెదిరించాడు, పని చేసేటప్పుడు పాటలు పాడుకోండమ్మా అని తియ్యగా కూడా చెప్పి చూశాడు. ఎవరూ కూనిరాగం కూడా తీయలేదు. సుత్తెల చప్పుడు తప్ప మండిలో ఏమీ లేదు.

ఆ శుక్రవారం పొద్దున కేశవన్ వరసల మధ్యకి వచ్చి కెంపమ్మ ముందు ఆగాడు. కెంపమ్మ ముప్పై దాటని మనిషి. గట్టి ఎముక, పెద్ద నోరు. మండిలో ఏ నవ్వు వినిపించినా అది ఆమె దగ్గరే మొదలైందని అర్థం.

"కెంపమ్మా, రేపటినుంచి రావద్దు. మొదలాళి చెప్పమన్నారు."

"ఏంటికి సామీ?"

"ఏంటికో నీకు తెలీదా? శావింట్లో పాడింది నువ్వే."

"నేనా?" కెంపమ్మ సుత్తె కింద పెట్టింది. "నా గొంతుకి గోడ మీద కాకి నిలబడదు సామీ. నేను పాడింటే కాళియన్ లేచి కూచోని, అక్కా చాలు నిలుపు అనింటాడు."

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వినందుకు భయపడి వెంటనే తలలు వంచుకున్నారు. కేశవన్ నవ్వలేదు.

"నువ్వు కాకుంటే ఎవురో చెప్పు. చెప్తే నీ చోటు నీకుండాది. దీపం పెట్టేదాకా టైము ఇస్తుండాను."

"శావింటి మాట నన్నడగొద్దు సామీ. ఎవుర్నీ అడగొద్దు."

"అట్లయితే పో," అని కేశవన్ వెళ్ళిపోయాడు.

కెంపమ్మ మళ్ళీ సుత్తె తీసుకుంది. ఆమె మొగుడు బావి తవ్వుతుంటే గడ్డ విరిగి నడుము మీద పడింది, మంచం మీదే ఉన్నాడు. ముగ్గురు పిల్లలు. పగలు బడిలో పెట్టే సత్తుణవు తింటారు, రాత్రి మెతుకులు ఈ మండి నుంచే రావాలి. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. ఈనె లాగడం, పండు విప్పడం, దెబ్బ.

మాదమ్మ కూడా అంతే. వరసగా మూడు గింజలు చితికాయి. ఆమె వాటిని చూసింది, ఏరి పారేసింది. లోపల ఏదో కదలాలి, కదలడం లేదు. కాళియన్ మీద మూటలు పడ్డప్పుడు కూడా ఇంతే, చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. చాలాసేపటికి అది నోట్లో పెట్టుకుని నమిలింది కూడా. తనకి ఏడుపు రాదని ఆమెకి ఎప్పుడో తెలిసిపోయింది. గుండ్రంగా కూర్చుని, నలుగురి జుట్ల చీకట్లో తల దూర్చితే తప్ప రాదు.

ఆమె పుట్టింటి ఊరు పిక్కిలి. అక్కడ వాళ్ళ అవ్వ ఒప్పారి పాడితే పక్క ఊళ్ళనుంచి పిలిపించుకునేవారు. అవ్వ చంకలో కూర్చుని నేర్చుకుంది. పెళ్ళయి ధర్మపురి వచ్చాక ఒకసారి రోట్లో రాగులు దంచుతూ ఏదో పాడితే అత్త బయటికొచ్చింది. "ఏమ్మే, మనింట్లో శవముండాదని వీధిలో అనుకుంటారు, మూయి నోరు" అంది. మూసింది. కూతురు పుట్టినప్పుడు జోల కూడా పాడలేదు. ఆ పిల్ల నాలుగేళ్ళది జ్వరంతో పోయింది. ఆ రోజు తన బిడ్డకి తనే ఒప్పారి ఎత్తింది, గుంపులో. మొగుడు తిమ్మప్ప రోడ్డు పనికని బెంగుళూరు పోయాడు. మొదట్లో ఎవరితోనైనా కబురు పంపేవాడు. తర్వాత అక్కడ ఇంకొకామెతో ఉన్నాడని కబురు వచ్చింది, అదీ ఎవరో చెప్పారు. ఆమె సరే అంది. ఎప్పుడు ఎవరు ఏది చెప్పినా ఆమె సరే అనే అంది.

మధ్యాహ్నం ఆడవాళ్ళు బయటికి పోయారు. కెంపమ్మ పోలేదు. గిన్నె పట్టుకుని వచ్చి మాదమ్మ పక్కన చతికిలబడింది. సంగటి ముద్ద తుంచి, పచ్చిమిరప ఊరుబిండిలో అద్దుకుని, నమిలి మింగింది.

"నీ మెడమీద చెయ్యేసింది నేనే కదక్కా," అంది చివరికి. "గొంతు అదిరితే నా చేతికి తెలీదా?"

మాదమ్మ ముద్ద తుంచుతోంది.

"చెప్పలే. చెప్పను. నేను చెప్తే మా అవ్వ గుంతలోనుంచి లేచొచ్చి చీపురు తిరగేస్తుంది."

"పిల్లోళ్ళు?"

"కడత్తూరులో మా చిన్నాయన ఉండాడు. పోతాం."

"ఆడ ఏముండాది?"

"ఏముండాది, మన్ను ఉండాది." కెంపమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఆయన్ని మంచంతో కూడా మోసకపోవల్ల. బస్సులో ఎక్కనిస్తారో లేదో."

మాదమ్మ చేయి కడుక్కుంది. కడుక్కున్న చేతిని చీరకి తుడుచుకుంటూ, "నేను పోయి చెప్తాను," అంది.

"నీకేమి పిచ్చా?" కెంపమ్మ గొంతు లేచి, మళ్ళీ దిగింది. "ఈ చోటు పోతే ఎక్కడ కూచుంటావు? ఈ మోకాలు పెట్టుకొని ఇంకెవురు పెట్టుకుంటారు నిన్ను? నీకని ఎవురుండారు?"

"ఎవురూ లేరు. పిల్లోళ్ళుండేదానివి నువ్వు కదా ఈడ ఉండల్ల."

"వద్దక్కా. నాకు పావం చుట్టుకుంటుంది."

"నీకేమీ చుట్టుకోదు," అంది మాదమ్మ. భయం లేదా అంటే ఉంది. నిన్నటి సంగటిలా గడ్డకట్టి ఉంది. చోటు పోతే ఎలా అన్న భయం కాదది. ఇన్నేళ్ళూ గుంపు మధ్య తల దాచుకున్న గొంతు బయటికి వచ్చి ఒంటరిగా నిలబడాలన్న భయం. సిగ్గు కూడా. ముసలితనంలో వీధిలో చీర జారినంత సిగ్గు.

మధ్యాహ్నమంతా పని చేసింది. ఒక్క గింజా చితకలేదు.

శుక్రవారం దీపం వేళకి మండిలో తూకానికి పూజ ఉంటుంది. తక్కెడకి పసుపు పూసి, నిమ్మకాయ కోసి కుంకం అద్ది, కర్పూరం తిప్పుతారు. కేశవన్ ఆ పనిలో ఉన్నాడు. దొరసామి తన బల్ల వెనక కూర్చుని ఉన్నాడు, నుదుట గంధం, తెల్ల పంచ, పొద్దుటినుంచి తిన్నది అరగనట్టు ముఖం. మాదమ్మ గోడ పట్టుకుని లేచి, కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్ళి బల్లకి దూరంగా నిలబడింది. ఆయన తలెత్తేదాకా నిలబడింది.

"ఏమమ్మా?"

"పాడింది నేను సామీ. కెంపమ్మ కాదు."

దొరసామి ఆమెని చూశాడు. ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో తెలియదు. "ఈమె ఎవురు కేశవా?"

"మన మండిదే సామీ. ఆ చివర కూచుంటుందే."

"పేరు?"

కేశవన్ కర్పూరం పళ్ళెం పట్టుకుని ఆలోచించాడు. అతనికీ తెలియదు. వరసలో ఎవరో "మాదమ్మ" అన్నారు.

"కెంపమ్మ పంపిందా నిన్ను?" దొరసామి నవ్వాడు. అలసిన నవ్వు, అందులో కోపం లేదు. "పోమ్మా, పోయి నీ పని చూసుకో. ఆ గొంతు ఎట్లాటిదో నీకు తెలీదు. మా అమ్మకి పాడిన గొంతు అది. ఎవురని తెలిసింటే అప్పుడే పట్టుచీర పెట్టల్లనుకొన్నాను. దాని ఉప్పు నేను తినలే, నా ఉప్పు అది తినింది. తిని నన్ను నడివీధిలో నిలబెట్టె. నువ్వంట!"

"నేనే సామీ."

"నువ్వే అయితే పాడు."

మండిలో సుత్తెలు ఆగిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఆఖరిది కెంపమ్మది.

"శవం లేకుండా ఒప్పారి ఎత్తకూడదు సామీ," అంది మాదమ్మ. "శుక్రవారం. దీపం పెట్టే వేళ. ఇల్లు గానీ అంగడి గానీ, ఎత్తిన చోటికి మంచిది కాదు."

ఈ మాట ఆయనకి తెలియంది కాదు. పుట్టినప్పటినుంచి విన్నదే. ఈ నోట్లోంచి ఆ గొంతు రాదన్న ధైర్యం ఆయనది. "వస్తే కదా," అన్నాడు. "పాడు, చూస్తాం."

"సామీ, వద్దు," అన్నాడు కేశవన్, పళ్ళెం పట్టుకునే.

మాదమ్మ అటూ ఇటూ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి నడిచింది, తన చోటికి కాదు. కాళియన్ పడ్డ అట్టి దగ్గరికి. ఆ మూటలని మళ్ళీ కప్పుదాకా పేర్చేశారు. దాని ముందు, సరిగ్గా ఆ నేల మీద, వంగని కాలు చాపి కూర్చుంది. ఒప్పారికి జుట్టు విప్పాలి. తలవెనక్కి చేతులు పోనిచ్చి ముడి విప్పింది. అంత లావు ముడి ఒక్కసారిగా చేతిలోకి ఊడి వచ్చింది. సవరం. తలలో మిగిలింది ఎలుకతోకంత తెల్ల వెంట్రుకలు. సవరాన్ని పక్కనున్న మూట మీద పెట్టి, ఆ నాలుగు వెంట్రుకలూ ముఖం మీదికి విరబోసుకుంది. మెడమీద వేయడానికి చెయ్యి లేదు, దూర్చడానికి గుంపు లేదు. తన రెండు చేతులూ తన మెడకే వేసుకుంది.

*కాలు తీయి మాదక్కాని – నా తమ్ముడా*
*అడిగినోడు ఏడబోయె – నా తమ్ముడా*
*తీసినాను కాలు నేను – నా తమ్ముడా*
*దాటిపోరా లేసి నువ్వు – నా తమ్ముడా*

సన్నగా మొదలైంది, మధ్యలో బొంగురుపోయింది, చివర తెగలేదు. రేకుల కప్పుకి తగిలి తిరిగి వచ్చింది. పడినచోటే పండనివ్వలేదనింది, చచ్చిన చోటు కూడా దొంగిలించిరనింది, కణ్ణగి చంకలో బిడ్డకి నాయన ఎక్కడ పోయినాడని చెప్తారనింది. కణ్ణగి కాళియన్ పెళ్ళాం. ఆమె పేరు ఆ మండిలో ఆ సాయంత్రం దాకా ఎవరూ ఎత్తలేదు.

వరస అందుకునేవాళ్ళు ఎవరూ లేరు. కెంపమ్మ లేవబోయింది. మాదమ్మ తల ఎత్తకుండానే ఒక చెయ్యి చాపి, కూచో అని అరచేత్తో నేల చూపించింది. కెంపమ్మ కూర్చుంది. పైట నోట్లో కుక్కుకుంది.

దొరసామి బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఆ గొంతు పోల్చుకున్నాడు. మొదటి మాటకే పోల్చుకున్నాడు. కోపం రావాలి, రాలేదు. వాళ్ళమ్మ పాడె మీద పడుకున్నట్టు కనపడింది, పక్కన కాళియన్ కూడా. ఆపమని చెయ్యెత్తాడు గానీ, మళ్ళీ దించి బల్లే పట్టుకున్నాడు. కేశవన్ చేతిలో కర్పూరం వెలిగించకుండానే ఉంది. మోసేవాళ్ళు తలపాగాలు తీసేశారు, ఎందుకు తీశామో వాళ్ళనడిగితే చెప్పలేరు.

మాదమ్మ పాడడం అయిపోయింది. ముఖం తుడుచుకోలేదు. తడి లేదు కూడా. ఒప్పారి పాడినవాళ్ళు స్నానం చేసేదాకా దేన్నీ ముట్టకూడదు. కాబట్టి సుత్తె ముట్టలేదు, సంగటి గిన్నె ముట్టలేదు, మూట మీద పెట్టిన సవరం కూడా తీసుకోలేదు. గోడని కూడా పట్టుకోకుండా, నేల మీద మోచేతులు ఆనించి, రెండుసార్లు జారి, లేచింది. దారిలో ఎవరూ అడ్డం లేరు. ఒక మోసేవాడు తన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

తలుపు దగ్గర ఆగి, "కెంపమ్మ రేపు వస్తుంది సామీ," అంది. అడగడంలా లేదు.

"రానీ," అన్నాడు దొరసామి. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. కేశవన్ విని తలూపాడు.

వీధి కొళాయి కింద, చీకటి పడుతుండగా, ఆమె చీరతోనే తల తడుపుకుంది. పక్కన బిందెలు పట్టుకున్నవాళ్ళు ఎవరింట్లో శావు అని అడిగారు. మా తమ్ముడు అంది. ఆ తడి బట్టలతోనే వెళ్ళిపోయింది. పెన్నాగరం బస్సెక్కి, కండక్టరు ఎక్కడికని అడిగితే పిక్కిలి అని చెప్పిందని ఒకరన్నారు, కాదు వెల్లిచందై వైపు నడిచిపోతుంటే చూశామని ఇంకొకరన్నారు. ఆ తర్వాత ఆమెని ధర్మపురిలో ఎవరూ చూడలేదు అనడం కూడా పెద్ద మాటే. చూసినా పోల్చుకునేవాళ్ళెవరు? మర్నాడు వాడలో ఒక ముసలాయన పోయాడు. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని మాట ఎత్తేవాళ్ళ కోసం కాసేపు ఎదురుచూశారు. తర్వాత ఎవరో ఎత్తారు. బాగా లేదు. అయినా అందరూ అందుకున్నారు.

ఆ శుక్రవారం మండిలో పూజ జరగలేదు. ఆడవాళ్ళు తమ సామాన్లు తీసుకుని, ఆ అట్టి వైపు చూడకుండా వెళ్ళిపోయారు. సవరంతో సహా ఆ మూట తీసి బయట పడేయండ్రా అన్నాడు కేశవన్. మేం ముట్టం సామీ అన్నారు మోసేవాళ్ళు. నువ్వే తీయి అన్నాడు దొరసామి. కేశవన్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. చివరికి దొరసామే లేచి వెళ్ళి దాని ముందు నిలబడి, చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. మాదమ్మ వయసులో ఉన్నప్పుడు తన దువ్వెనకి రాలిన వెంట్రుకలన్నీ గోడ సందులో దాచిపెట్టి, వీధిలో సవరాలు అల్లే ఆమె వస్తే ఇచ్చి అల్లించుకున్న సవరం అది. పై కొస నల్లదారంతో బిగించి కట్టి ఉంది. కింది కొస సన్నగా గోనె మీదినుంచి జారి వేలాడుతోంది. లైటు ఆర్పి తలుపులు వేసేటప్పుడు కూడా అది అక్కడే ఉంది, ఆ రోజు దుమ్ము పైన పడుతూ, నల్లగా, ఒక్క తెల్ల వెంట్రుకైనా లేకుండా.